మామ పెన్‌డ్రైవ్

మూడు వారాల కిందట, ఒక శుక్రవారం పొద్దున, జమ్మలమడుగులో మా మేనమామ గుండెపోటుతో పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో నా పాత ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాను. ముందురోజే ఆయనతో కొత్తదాని గురించి మాట్లాడాను. "ఈ మోడల్ పనికొస్తాది పాపా. అయినా తొందరపడొద్దు. పేరొకటే పెట్టి లోపల వైఫై చిప్పు మార్చి అమ్ముతాండారు. ఆదివారం వస్తా, ఇద్దరం పోయి చూద్దాం" అన్నాడు. ఆదివారం వస్తానన్న మనిషి శుక్రవారమే పోతే ఎవరి మీద కోప్పడాలో నాకింకా తెలియడం లేదు.

మామ పులివెందులలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఉండాలన్నది ఆయన పట్టుదల. మీకిది చాదస్తంగా అనిపించవచ్చు, నాకూ అనిపించేది. కానీ ఆయన వేసిచ్చిన లినక్స్ మీదే ఇన్నేళ్లూ అచ్చుకు పోయే పుస్తకాలకు పేజీలు కట్టి బతికాను. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ మూత కాస్త కదిలితే తెర ఆరిపోతోంది. ఒప్పుకున్న పుస్తకం సగంలో ఆగింది.

కొత్తది కొందామంటే మామ ఒక పట్టాన ఒప్పుకునేవాడు కాదు. లినక్స్ వేస్తే ఒకదానికి స్పీకరు మోగదంటాడు. ఇంకొకటి మూత మూసి తెరిస్తే మళ్లీ లేవదంటాడు.

"అయితే విండోసే పెట్టుకుంటా పో మామా!"

"పెట్టుకో. అది మొరాయించిందని నాకు ఫోన్ చేయొద్దు."

చేస్తే ఎత్తకుండా ఏనాడూ లేడు.

ఆయనతో అంగడికి పోవడమంటే తలనొప్పి. జేబులోంచి లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసి, కొనబోయే ల్యాప్‌టాప్‌ను దాంతోనే ఆన్ చేయమనేవాడు. తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి వైఫై అందుతుందా అని చూసేవాడు. ఆ హాట్‌స్పాట్‌కు ఆయన పెట్టుకున్న పేరు కూడా 'మామ'. సీలు తీసినాక ఇంకెవరు కొంటారు సార్ అని అంగడాయన మొత్తుకుంటే, "ఏమప్పా, సంతలో ఎద్దును నడిపిచ్చి చూడకుండా తోలుకపోతారా?" అనేవాడు. నేను సిగ్గుతో రోడ్డు వైపు తిరిగి నిలబడేదాన్ని.

కర్మలయ్యాక అత్త ఆ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. నిన్న ఒక్కదాన్నే అంగడికి పోయాను. మామ సరేనన్న మోడలే. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే షోకేసులోని దానికి వైఫై వచ్చింది. సీలు తీసిన కొత్తదానికి రాలేదు. ఆయన చెప్పినట్టే, లోపల చిప్పు వేరే.

"రెండూ ఒకటేనమ్మా. ఊరికే సతాయిస్తాండావు" అన్నాడు అంగడాయన.

"ఒకటే అయితే దీనికెందుకు రాల్యా? ఇంకోటి తీయప్పా. నడిపిచ్చి చూడకుండా కొనేది లేదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే ఏడుపొచ్చింది.

అంగడాయన గొణుక్కుంటూ ఇంకోటి తీశాడు. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఈసారి వైఫై పనిచేసింది. బజారులోని పేర్లన్నీ తెర మీదికొచ్చాయి: మందులంగడి, బంగారంగడి, పక్కనున్న టిఫిన్ సెంటరు. నా వేలు మాత్రం 'మామ' కోసం కిందికి జరుపుతూనే ఉంది.

"వచ్చింది కదమ్మా, ఇంకా ఏంది చూస్తాండావు?" అన్నాడు అంగడాయన.