పెంకును అడిగినట్టు

శంషాబాద్‌లో క్యాబులు ఆగే చోట, రేకుల షెడ్డు కింద టీ తాగుతుంటే వాన మొదలైంది. మొదట విడివిడిగా నాలుగు చినుకులు, తర్వాత పక్కవాడి మాట వినపడనంత మోత. ఆ మోత విన్నప్పుడల్లా నాకు సువార్తమ్మ టీచరు గుర్తొస్తుంది. "కండ్లు మూసుకొని వినుండ్రి. రేకు గిట్ల అంటది. మీ ఇంటి పెంకు ఏమంటదో రేపొచ్చి చెప్పుండ్రి" అని ఒకటో తరగతి పిల్లలకు ఇంటిపని ఇచ్చేది.

తొంభైల చివర్లో మా ఊరి బడికి ఆమె ఒక్కతే టీచరు. నేను ఆమెకు సహాయకుణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా, శంషాబాద్ గ్రంథాలయంలో రెండు బీరువాల పుస్తకాలు చదివేశానన్న గర్వం నాది. ఒకరోజు పిల్లలకు "ఇనుము నీళ్లలో మునుగుతుంది, కర్ర తేలుతుంది" అని గట్టిగా చెప్పించాను. ఆమె పక్కింట్లోంచి ఇనుప మూకుడు తెచ్చి నీళ్ల తొట్టిలో వదిలింది. అది హాయిగా తేలింది. పిల్లలు విరగబడి నవ్వారు. "పుస్తకం చెప్పింది సరే తమ్మీ, మూకుడును అడిగినవా?" అంది. ఆమె పాఠమంతా అదే. గుడ్డను తడిపి అడగాలి, గాజును వెలుతురుకు పట్టి అడగాలి, బంకమట్టిని పిసికి అడగాలి. నాకు మాత్రం ఆ నవ్వు చాలాకాలం లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఏడాదే మా వైపు విమానాశ్రయం వస్తుందన్న పుకారు పుట్టింది. ఎవరెవరో వచ్చి గొలుసులతో పొలాలు కొలిచి పోయేవారు. పెంకుటిళ్లను పాతవని రాసేస్తారట, స్లాబు ఇళ్లకే పరిహారం ఇస్తారట అని రచ్చ దగ్గర గుసగుసలు. సరిగ్గా అప్పుడే టీచరు ఒక పట్టిక మొదలుపెట్టింది: ఎవరి ఇంటి కప్పు దేనితో కట్టారు? పిల్లల పేర్లు, పక్కన రేకు, పెంకు, స్లాబు, గడ్డి. శుక్రవారం సాయంత్రం ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకొని బస్సెక్కేది.

నాకు అనుమానం వచ్చింది. ఒక శుక్రవారం అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. ఆమె గగన్‌పహాడ్‌లో దిగింది. ఒక కార్ఖానా గేటు దగ్గర, చేతిలో ఫైలు పట్టుకున్న మనిషికి ఆ కాగితం చూపిస్తోంది. బస్సు కదిలింది. కిటికీలోంచి నేను చూసింది అంతే. మర్నాడు దాన్ని జంగయ్య బాపు చెవిన వేశాను. ఆయన మనవరాలు మా బళ్లోనే చదివేది.

సోమవారం బడికి ముగ్గురే పిల్లలు వచ్చారు. వాళ్ల వెనకే జంగయ్య బాపు, ఇంకో పదిమంది. "మా ఇంటి మీద పెంకులుంటే నీకేందమ్మా? ఎవలకు రాసిస్తున్నవు? మీ సారే కండ్లార చూసిండట!"

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత సంచి తెచ్చి నేల మీద బోర్లించింది. రేకు ముక్కలు, పగిలిన పెంకులు, గాజు పలక, రబ్బరు ముక్క. "కార్ఖానాల పారేసేటివి బాపు. రేకుల ఇంటి పిల్లకు పెంకు ఎట్లుంటదో తెల్వదు. ఎవలకు ఏది తేవాలెనో అని రాసుకున్న." ఆ ముక్కల్ని ఎండలో పరిచి, కాసేపటికి "ముట్టి చూడు" అంది. జంగయ్య బాపు రేకును ముట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెంకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"గిది మంచిగనే ఉంది" అన్నాడు చివరికి. "మరి పేర్లెందుకు?"

ఆమె పేర్ల వరస చింపి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు. అయినా కొందరు దసరా దాకా పిల్లల్ని పంపలేదు. రెండేళ్లుగా కూడగట్టిన బడి అది. ఖాళీ చాపల ముందు కూడా ఆమె అదే పాఠం చెప్పింది, ఆ ముగ్గురికే.

ఆ సోమవారం సాయంత్రమే బడికి తాళం వేస్తూ అంది: "మూకుడును అడుగుడు నేర్చినవు తమ్మీ. నన్నెందుకు అడగకపోతివి?" కోపంగా అని ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేవాణ్ణేమో.

వాన ఇంకా తగ్గలేదు. పక్కనున్న డ్రైవరు నా చెవి దగ్గర వంగాడు. "అన్నా, రోడ్డవతల ఇండ్ల ఫోటోలు తీస్తున్న పిల్లను చూసినవా? ప్లాట్లోళ్ల మనిషే. జర జాగ్రత్త."

నాకూ అలాగే అనిపించింది. ఆ గుణం నాలోంచి ఇప్పటికీ పోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, తడుస్తూనే రోడ్డు దాటి ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏం తీస్తున్నవమ్మా?" అని అడిగాను.