చీల్చిన గుమ్మెట

దయ్యాల ఊసెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. అయినా మా నాయన గ్రామఫోను ప్లేటు సంగతి వచ్చేసరికి ఆ సైన్సు అక్కరకు రాదు.

నాయన ముప్పై ఏళ్లు బుర్రకథ చెప్పాడు. మైకు లేకుండా పెన్నకు ఈ ఒడ్డున పాడితే ఆ ఒడ్డున వినపడే గొంతు. పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేది ఆయన తమ్ముడు, మా చిన్నాయన. ఆయన లేకుండా నాయన ఏనాడూ నోరు విప్పలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మద్రాసు నుంచి గ్రామఫోను కంపెనీవాళ్లు కబురు పెట్టారు. నాయన ఒక్కడే కావాలట, వాయిద్యాలకు వాళ్ల మనుషులు ఉన్నారట. చిన్నాయన అప్పటికే జమ్మలమడుగులో మంచం పట్టి ఉన్నాడు.

"పోయిరా అన్నా. నేను యాడికి పోతా? ఈడనే ఉంటా" అన్నాడు.

నాయన మద్రాసులో ఉండగానే ఆయన పోయాడు. కడచూపు కూడా దక్కలేదు. మనిషి పోతే అతని గుమ్మెటను ఇంకొకరు వాయించకుండా తోలు చీల్చడం మా ఇంటి ఆచారం. చిన్నాయనకు పిల్లల్లేరు గనుక కత్తి నా చేతికిచ్చారు. నిలువునా చీల్చి గోడకు తగిలించాను.

రెండు నెలలకు ప్లేటు వచ్చింది. "ముందు వాడు వినాల" అని నాయన దాన్ని జమ్మలమడుగు తీసుకుపోయాడు. అరువు తెచ్చిన గ్రామఫోను పెట్టెను చిన్నమ్మ ఇంట్లో, గుమ్మెట ఉన్న గోడ కింద పెట్టాం. పట్టపగలు.

నాయన చేసిన తప్పు అప్పుడు బయటపడింది. ప్లేటులో ప్రతి చరణం తర్వాత తమ్ముడి వంత కోసం ఆగిపోయాడు, ఆయనతోపాటే కంపెనీ వాయిద్యాలూ ఆగాయి. కంపెనీవాళ్లు ఎన్నిసార్లు పాడించినా ఆ అలవాటు పోలేదట. మొదటి ఖాళీలో సూది గీసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయన తల దించుకున్నాడు.

రెండో ఖాళీలో గుమ్మెట మోగింది. చిన్నాయన దరువే. చిన్నమ్మ చేతిలోని చేట జారిపడింది. నేను లేచి గోడ దగ్గరికి పోయి తోలు మీద చెయ్యి పెట్టాను. చీలికలో వేళ్లు దూరేంత సందు ఉంది. మూడో ఖాళీ వచ్చింది. నా చేతి కిందే మోగింది, తోలు మాత్రం కదల్లేదు.

నాయన భోరున ఏడ్చాడు.

"నేను వాన్ని ఇడిసిపెట్టి పోతి. వాడు నన్ను ఇడిసిపెట్టలేదుమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన కథ చెప్పలేదు. ఆయనా పోయాడు. ప్లేటు, గుమ్మెట రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఎన్నిసార్లు పెట్టినా ఆ ఖాళీల్లో సూది చప్పుడే.

పోయినేడు ఆ గుమ్మెటకు కొత్త తోలు వేయించాను, ఇంకొకరు వాయించడానికి కాదు.