మా అమ్మమ్మ మృదుభాషి అట!

అమ్మమ్మ పెద్దకర్మ కార్డు కొట్టించడానికి ఈ రోజు మావయ్యా నేనూ చీపురుపల్లిలో డీటీపీ షాపుకెళ్ళాం. షాపాయన అమ్మమ్మ పేరడిగి, కంప్యూటర్‌లో రెండక్షరాలు కొట్టి ఒక మీట నొక్కాడు. టపీమని పేరా మొత్తం వచ్చి పడింది: "మృదుభాషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని సాధ్వి..."

చేపలమ్మినన్నాళ్ళూ మా అమ్మమ్మ నోటికి సంతంతా హడలిపోయేది. మావయ్యకి అనుమానం వచ్చింది.

"ఏటి బాబూ, మాయమ్మని నువ్వెప్పుడైనా సూసావేటి?"

"లేదండి. ఆడోళ్ళకొకటి, మగోళ్ళకొకటి ముందే రాసి టెంప్లేట్‌లో దాసీసినాను. పేరు మారిస్తే సరిపోతాది."

"అయితే అది తీసీ. నే సెప్పింది కొట్టు. తిడతానే అన్నం ఎట్టీది. తిట్టకుండా ఎట్టిన రోజు నేదు."

షాపాయన కొట్టి, "బాగుందండి" అన్నాడు. ఆ మెచ్చుకోలు నాకెందుకో తేడాగా అనిపించి స్క్రీన్ వైపు తొంగి చూశాను. అనుకున్నంతా అయింది. మావయ్య మాటని కూడా టెంప్లేట్‌లో దాచేసుకుంటున్నాడు!

రేపెప్పుడైనా నోట్లో నాలుక లేని ఏ మహాతల్లి కార్డులోనో ఈ మాట కనిపిస్తే, దయచేసి కింద కామెంట్‌లో ఫొటో పెట్టండి. ఆ తిట్లూ, ఆ అన్నమూ మా అమ్మమ్మవి.