గొలుసు ఎక్కడ దించుతారు

1966 జూలైలో అనకాపల్లి రీడింగ్ రూములో కృత్రిమ ఉపగ్రహాలపై ఉపన్యసించాను. శ్రోతలు నలభై ముగ్గురని డైరీలో ఉంది. చివర వచ్చిన ప్రశ్న మాత్రం అందులో లేదు.

అడిగినవాడు చెరకు గానుగ ఇంజన్లు బాగుచేసే సాయిబు మేస్త్రీ. "మేష్టారండీ, పొడిగాలికి మా తోలు బెల్టు కరెంటు పట్టేత్తాది, ముట్టుకుంటే కొడతాది. ఇనప గొలుసు నేలకి దించితే పోద్ది. మరి ఆ సేటిలైటుకి పట్టదా? దానికి నేల ఎక్కడుందండీ?"

నేను ఫిజిక్సు లెక్చరర్ని. "మేస్త్రీ, అక్కడ రాపిడికి గాలే లేదు. ఆకాశంలో చెరకు ఆడిస్తున్నారనుకున్నావా?" అన్నాను.

"బావా, బెల్లం కూడా వండుతారేటో కనుక్కో!" అన్నారెవరో వెనకనుంచి. అందరూ నవ్వారు. ఆనాటినుంచి అతనికి 'రాకెట్టు మేస్త్రీ' అన్న పేరు స్థిరపడింది. అతను మళ్ళీ ఉపన్యాసానికి రాలేదు.

ఎనిమిది నెలల తరువాత వాల్తేరు లైబ్రరీలో ఒక పత్రిక చదివాను. అక్కడున్నది ఒట్టి శూన్యం కాదు. ఎలక్ట్రాన్లు, అయాన్లు పలచగా పరుచుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్లది వేగం ఎక్కువ. నీడలోని ఉపగ్రహానికి అవే ఎక్కువగా తగిలి, రుణావేశం పేరుకుంటుంది. రాపిడి అక్కరలేదు. లెక్క వేశాను: మీటరు వ్యాసమున్న లోహగోళానికి ఒక్క వోల్టు ఎక్కడానికి ముప్పై అయిదు కోట్ల ఎలక్ట్రాన్లు చాలు. అది అత్యల్పం. మేస్త్రీ ప్రశ్న సరైనది.

మర్నాడు మేస్త్రీ పనిచేస్తున్న గానుగకు వెళ్ళాను. కూలీలు భోజనాలకు లేచేదాకా గట్టు మీద ఆగాను. అప్పుడు చెప్పాను.

అతను చేతుల గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. "అయితే పడతాదన్నమాట. మరి గొలుసు ఎక్కడ దించుతారండీ?"

"తెలియదు మేస్త్రీ."

"పోన్లెండి. ఈ మాట ఆ రూములో ఓపాలి సెప్పండి. మా వోళ్ళు ఇంకా నవ్వుతున్నారు."

చెబుతానన్నాను.

ఏప్రిల్ ఉపన్యాసంలో ఉపగ్రహాలకు ఆవేశం పట్టే సంగతి బోర్డు మీద లెక్కతో సహా వివరించాను. చప్పట్లు కొట్టారు. "ఈ మధ్య నాకు తోచిన ఒక ప్రశ్న" అనే ఆ ఉపన్యాసం మొదలుపెట్టాను.

శ్రోతలు యాభై ఒక్కరని ఆ రాత్రి డైరీలో రాశాను. ప్రశ్న ఎవరిదో ఈసారీ రాయలేదు. మేస్త్రీది అని ఇన్నేళ్ళకు ఈరోజు, రెండు పుటల్లోనూ, ఎర్రసిరాతో చేర్చాను. ఆ పుటలు నేను తప్ప ఎవరూ చదవరు.