బాతు బొక్కలు, మేనత్త పుంజు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డిలో మాంసం తిన్నాక మిగిలిన బొక్కను, అదే ఎముకను, కుక్కకు వేయకుండా కడిగి ఎండబెట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. బడి నన్ను వదిలేసింది గానీ చదువును నేను వదల్లేదు. మేక కాలూ కోడి కాలూ పక్కపక్కన పెట్టి, ఇదెందుకు లావు, అదెందుకు సన్నం అని పొద్దుపోయేదాకా చూసేవాణ్ణి. ఊరు నాకు ‘బొక్కల పంతులు’ అని పేరు పెట్టింది. ఇప్పుడు ఇదే పని కామారెడ్డి కాలేజీలో చేస్తే శాస్త్రమట! (నాది మాత్రం పిచ్చి. ఆ మంట ఇంకా చల్లారలేదు.)

మా మేనత్త ఊరి అమ్మోరు పోచమ్మ పేర ఒక పుంజును విడిచింది. మొక్కు తీరేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒకనాడు అది మాయమైంది. సరిగ్గా ఆ పొద్దే మా గోడ మీద బొక్కలు ఆరుతున్నాయి. ఇంకేముంది, అత్త మా వాకిట్లో నిలబడి వాడంతా వినేటట్టు అరిచింది.

“అమ్మోరి పుంజును బుక్కినవారా! గిసోంటోనికి నా పిల్లనిస్తనా?”

ఆ పిల్ల మీదే నా ఆశలన్నీ.

“అత్తా, అది బాతు. సంతల కోయించుకొని తెచ్చిన.”

“బొక్కల మీద బాతని రాసున్నదా?”

“రాసే ఉన్నది! మీరియ్యాల కోడి వండుకున్నరు గదా, ఆ బొక్కలు తెప్పియ్యి.”

మరదలే నవ్వు దాచుకుంటూ చేటలో తెచ్చింది. రెండు రకాలూ వరుసగా పేర్చాను. “కోడి దినమంతా నడుస్తది, నేల గీరుతది, అందుకే కాలి బొక్క పొడుగు. బాతు నీళ్ళల్ల ఈదుతది, కాలు పొట్టి. ఈ రొమ్ము బొక్క చూడు, పడవ అడుగు లెక్క వెడల్పు.”

“మా పుంజు బలిసింది, దానిదీ వెడల్పే!”

“బలిసేది మాంసం అత్తా, బొక్క గాదు.”

పక్కింట్లో బీడీలు చుట్టే అవ్వ చేతిలో ఆకు వదిలి లేచింది. “గింత పొట్టి కాళ్ళతోని మీ పుంజు మా గోడెట్ల దుంకుతుండె వదినె?”

వాకిలంతా గొల్లున నవ్వింది. అత్త రెండు బొక్కలనూ తిప్పి తిప్పి చూసి, “సరే, పిల్లనిస్త. గని నా ఇంటికి బొక్కలు తేవద్దు” అంది. (పుంజు తర్వాత పక్క వాడలో పెట్టల మధ్య దొరికింది. దాని సాక్ష్యం నాకు అవసరమే పడలేదు!)

మొన్న కామారెడ్డిలో డాక్టరు నా మోకాలి ఎక్స్‌రే చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. రెండు కాళ్ళ జంతువుకు మోకాలు ఎందుకు అరుగుతుందో నేనే చెప్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఈయన మాట వినకుండ్రి సారూ. చిన్నప్పుడొకసారి నేను విన్న, ఇప్పటిదాంక వండి పెడుతున్న” అంది.

నాకు నవ్వాగలేదు.