తలుపు దగ్గర ఆగిపోయిన శాంపిల్

ఈ మధ్య ఏ పుస్తకం కొనాలన్నా ముందు యాప్‌లో రేటింగ్ చూడటం, ఉచితంగా ఇచ్చే మొదటి పేజీలు వినడం నాకు అలవాటైంది. ఈ సాయంత్రం ఇబ్రహీంపట్నం నుంచి పటమటకు బస్సులో వస్తూ ఒక నవల శాంపిల్ పెట్టుకున్నాను. మధ్యలో ఇయర్‌ఫోన్స్ ఛార్జింగ్ అయిపోయి, ఫోనే పైకి చదవడం మొదలుపెట్టింది. నేను తడుముకుని ఆపేలోపే కథలో ఎవరో తలుపు కొట్టారు, శాంపిల్ అయిపోయింది.

"ఎవరండీ వచ్చింది?" అని అడిగారు పక్క సీట్లో ఆవిడ. యాభై ఏళ్లుంటాయేమో, ఒళ్లో టిఫిన్ క్యారేజీ పెట్టుకుని కూర్చున్నారు.

"తెలీదండీ. మిగతాది వినాలంటే కొనాలి. రేటింగ్ చూస్తే మూడు కూడా లేదు."

"రేటింగ్‌తో మనకేం పనండీ? తలుపు దగ్గర ఎవరున్నారో చూడండి ముందు."

కొన్నాను. వచ్చింది ఎవరో కాదు, కథానాయిక భర్త, ఏళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయినవాడు. అది విని ఆవిడ ఒళ్లో క్యారేజీ సర్దుకున్నారు. బెంజ్ సర్కిల్ రాగానే లేచి, "నేనైతే తీయలేదండీ తలుపు" అని మామూలుగా చెప్పి దిగిపోయారు. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

ఇంటికొచ్చి మిగతాది విన్నాను. నవల్లో ఆమె తలుపు తీసింది. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అన్నం కూడా పెట్టింది. రేటింగ్ ఎందుకు తగ్గిందో నాకిప్పుడు ఒక అనుమానం ఉంది. ఇంతకీ, మీరైతే తీసేవారా?