ట్యాంకు మూత మీద బొట్టు

దయ్యాలనూ భూతాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. ఫలానా చోట తెల్లచీర కనిపించిందని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. "నువ్వు చూసినావా, ఎవరో చూస్తే నువ్వు విన్నావా?" అని మొహం మీదే అడిగేస్తాను. అందుకే నేను ఉండగా మా బంధువుల ఇళ్ళలో అలాంటి కబుర్లు చెప్పుకోరు.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే సరదాకి కాదు. ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇలా ఎందుకు జరిగిందో చెప్పగలిగినవాడు ఉంటే వచ్చి చెప్పమనండి, వింటాను. ఆత్మలు, మహిమలు అంటూ మాత్రం నా గడప తొక్కవద్దు.

మాది చిత్తూరు. మామిడి తోటల కాపు కొని కాయ మదరాసుకు పంపే వ్యాపారం. బంగారుపాళ్యం చుట్టుపక్కల తోటలన్నీ తిరగాలి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మిలిటరీవాళ్ళు మదరాసులో పాత మోటారు సైకిళ్ళు వేలం వేస్తే ఒకటి పాడుకుని తెచ్చాను. తెచ్చానంటే ఎక్కి నడుపుకుంటూ కాదు. సగం బండి రైలు పెట్టెలో, మిగతా సగం గోతాల్లో వచ్చింది.

ఆ గోతాల్లోని ఇనుమును బండిగా నిలబెట్టినవాడు దేవదానం. బస్సుల షెడ్డులో మేస్త్రీ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. క్రైస్తవుడు. ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో కూర్చునేవాడు. ఊళ్ళో మోటారు సైకిలు పిచ్చి పట్టినవాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. మిగతా ముగ్గురూ బండ్లు తోసుకుంటూ అక్కడికే వచ్చేవారు. ప్లగ్గులు గీకి, గొలుసులు కిరసనాయిల్లో కడిగి, రేషను కూపన్ల పెట్రోలు ఎంత మిగిలిందో చూసుకుని బంగారుపాళ్యం దాకా పోయి వచ్చేవాళ్ళం. ఆ ఆదివారాలకంటే నాకు పండగ లేదు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పని చేస్తుండగా ఎవరైనా తప్పన్నారో, చేతిలోని స్పానరు గోడకు తగలాల్సిందే. ఇది కనిపెట్టి దేవదానం నాకు తప్పు చెప్పడమే మానేశాడు. అతనికి ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. పనిముట్లన్నీ అందులోనే. నేను తప్పు చోట చెయ్యి పెట్టగానే ఆ డబ్బా మూత మీద స్పానరు కొసతో తట్టేవాడు. రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, మళ్ళీ ఒకసారి. అంతే. మాట ఉండదు. నేను పళ్ళు నూరుకుంటూ చెయ్యి వెనక్కి తీసుకునేవాణ్ణి. నూటికి నూరుసార్లూ అతనిదే రైటు.

ఎప్పుడైనా నేను బాగా చల్లగా ఉన్న పూట మాత్రం నవ్వుతూ అనేవాడు. "పైనుంచి రాప్పా. పెట్రోలు వచ్చేది పైనుంచి కిందికి. నువ్వేమో కిందినుంచి ఎదుక్కుంటా పోతాండావు."

బండి వచ్చిన రెండో ఏడు ఆయుధపూజ. నలుగురి బండ్లూ కడిగి మా కొట్టం ముందు వరసగా నిలబెట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నా బండికి నేనే గంధం పూసి కుంకుమ పెట్టాను, దీపానికి, హ్యాండిలుకు, మడ్‌గార్డుకు, పెట్రోలు ట్యాంకు మూతకు. నా భార్య హారతి ఇచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళంతా ఉన్నారు.

హారతి పళ్ళెం అటు తిరిగిందో లేదో, దేవదానం మెల్లగా ముందుకు వచ్చి, భుజం మీది తువాలు కొసతో ట్యాంకు మూత మీది బొట్టు తుడిచేశాడు.

నా కళ్ళ ముందే. మా ఇంట్లో, మా పూజలో, మా అమ్మవారి కుంకుమ.

నాకు ఒళ్ళు తెలియలేదు. "ఏం పని అది?" అని అరిచాను. అతను బిత్తరపోయాడు. "ఆడ వొద్దప్పా. యాడన్నా పెట్టు గానీ, ఆడ మటుకు..." అన్నాడు. పూర్తి కానివ్వలేదు. "మా దేవుడి బొట్టు తుడిచేంత మొనగాడివైనావా? ఇంగ నా బండిని నీ చేత్తో ముట్టుకోవద్దు!" అన్నాను. అందరూ విన్నారు.

ముట్టుకోవద్దు అనే మాట మా వైపు ఎవరు ఎవర్ని అంటారో, అది ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. నోరు జారిందని చెప్పి తప్పించుకోను.

దేవదానం డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "సరేప్పా. ముట్టను" అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

ఒకసారి బజారులో బండి ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి చెమటలు కారుతున్నాయి. తలెత్తితే ఎదురుగా అతనే. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు. దూరం నుంచే "ప్లగ్గు సూడప్పా" అన్నాడు. ప్లగ్గే. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఒక్క మాట, రాప్పా అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు.

ఎండాకాలం చివర్లో అతనికి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. చనిపోయాక తెలిసింది నాకు. సమాధుల తోట గేటు దగ్గర నిలబడి వచ్చేశాను, లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు. పది రోజులకు అతని భార్య సుందరమ్మ ఆ రేకు డబ్బా తెచ్చి మా అరుగు మీద పెట్టింది.

"ఇది మీకే ఇయ్యమన్నాడన్నా."

"ఇంకేమన్నా చెప్పినాడా?"

"ఏమీ చెప్పలేదన్నా. డబ్బా మీకన్నాడు, అంతే."

ఆ ఏడు ఆయుధపూజకు పంతం పట్టినట్టు ట్యాంకు మూత మీద గంధం దిట్టంగా పట్టించి, దాని మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాను. తుడిచేవాడు లేడు. ఎవరి మీద పంతమో అప్పుడు నాకే తెలియదు.

మర్నాడు పొద్దున మా వనజ పిట్టగోడ మీది నుంచి పడింది. ఎనిమిదేళ్ళ పిల్ల. కుడి మోచెయ్యి పక్కకు తిరిగిపోయింది. చూస్తుండగానే వాచింది. వేళ్ళు చల్లబడి నీలంగా మారుతున్నాయి. పండగని ఊళ్ళో డాక్టరు లేడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరుకు బస్సు మధ్యాహ్నం దాటితే గానీ లేదు. "పుత్తూరుకు ఎత్తుకోని పో, ఆలస్యమైతే చెయ్యి పడిపోతాది" అన్నారు పెద్దవాళ్ళు. ముందురోజే ట్యాంకు మూతిదాకా నింపి ఉంది. పిల్లను వెనక కూర్చోబెట్టి, నా పైపంచెతో నా నడుముకు కట్టుకుని, డబ్బా సంచిలో వేసుకుని బయలుదేరాను.

కార్వేటినగరం ఇంకా రాకముందే బండి ఆగింది. కాసేపు తంటాలు పడితే కదిలింది. మూడు మైళ్ళు పోయి మళ్ళీ ఆగింది. ఊరు దాటాక, రెండువైపులా కొండలే తప్ప ఇల్లూ వాకిలీ లేని చోట, కల్వర్టు దగ్గర మూడోసారి ఆగి ఇక మొండికేసింది. పుత్తూరు ఇంకా ఆరేడు మైళ్ళు ఉంది.

అప్పుడు పట్టపగలు. ఎండ నెత్తి మీద ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి.

పిల్లను రోడ్డుకు అవతల చెట్టు నీడలో, నాకు కనిపించేలా పడుకోబెట్టాను. ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని మూలుగుతోంది. ఇవతల కల్వర్టు గోడ మీద, కానుగ చెట్టు నీడలో, డబ్బా పెట్టి మూత తీసి ఒక స్పానరు అందుకున్నాను. దుమ్ము పడకుండా మూత గట్టిగా మూసేశాను. బండికీ దానికీ మధ్య ఆరేడు అడుగులు.

ప్లగ్గు బాగుంది. నిప్పురవ్వ పడుతోంది. కార్బ్యురేటరు విప్పి ఊదాను. బండిని ఊపితే ట్యాంకులో పెట్రోలు గుడగుడమంటోంది, మూత తీసి చూడాల్సిన పనే లేదు. కానీ గొట్టం పీకి పట్టుకుంటే నాలుగు చుక్కలు కారి ఆగిపోతోంది. ట్యాంకు అడుగున జల్లెడ పూడిపోయిందనుకున్నాను. అది తీయాలంటే పెట్రోలంతా రోడ్డు మీద పారబోయాలి. పట్టుకోవడానికి గిన్నె లేదు, పోస్తే మళ్ళీ దొరకదు. అయినా కోపంలో ఉన్నాను కదా! బండిని తిట్టాను, రోడ్డును తిట్టాను, దేవదానాన్ని తిట్టాను. "పోతే పోయినావు, కావలసినప్పుడు లేవు కదరా!" అని గట్టిగానే అన్నాను. ట్యాంకు కింద కుళాయికి స్పానరు తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. ఇంకొక్క చుట్టు తిరిగితే ఊడి వస్తుంది.

వెనక నుంచి వినిపించింది. టక్ టక్. కాస్త ఆగి, టక్.

నా చెయ్యి దానంతట అది ఆగిపోయింది. ఆదివారాల అలవాటు. తర్వాతే ఆ తట్టేవాడు లేడని గుర్తొచ్చింది. తిరిగి చూశాను. కల్వర్టు మీద డబ్బా మూసే ఉంది. దాని మీద ఏమీ లేదు. రోడ్డు ఇటూ అటూ ఖాళీ.

రేకు ఎండకు చిటపటమంటుందని నాకు తెలుసు. కానీ అది నీడలో ఉంది. కానుగ కాయ రాలిందేమోనని దగ్గరికి పోయి చూశాను. మూత మీద గానీ గోడ మీద గానీ కాయ లేదు. ఛీ, భ్రమ అనుకుని వచ్చి మళ్ళీ స్పానరు పట్టుకున్నాను.

టక్ టక్. టక్.

ఈసారి అవతల నుంచి వనజ నీరసంగా అడిగింది. "నాయనా, ఎవురు కొడతాండేది?"

పిల్ల కూడా వింది. ఇది నా చెవుల భ్రమ అని చెప్పదలుచుకున్నవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పండి.

స్పానరు కింద పడేశాను. పైనుంచి రాప్పా అనే మాట గుర్తొచ్చింది. లేచి పైన చూశాను. అన్నిటికన్నా పైన ట్యాంకు మూత, దాని మీద ఎండి గట్టిపడిన నా గంధం, నా కుంకుమ. మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఎంతోసేపు ఊపిరి బిగబట్టిన మనిషి పీల్చినట్టు.

మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి ఆ రంధ్రంలో గాలి పోవాలి. అది మూసుకుంటే ట్యాంకు నిండా ఉన్నా చుక్క దిగదు. ఆ రంధ్రాన్ని నా చేత్తో నేనే, భక్తిగా, పూడ్చిపెట్టాను. అంతకుముందు ఏడు అతను తుడిచింది బొట్టు కాదు, నా బండికి ఊపిరి విడిపించాడు. ఆడ మటుకు వొద్దప్పా అన్నాడు. అతని నోరు నొక్కేశాను.

పిల్ల గౌనుకున్న పిన్నీసుతో రంధ్రం పొడిచి శుభ్రం చేశాను. ఒక్క కిక్కుకు బండి అందుకుంది. పుత్తూరు చేరేదాకా ఆగలేదు.

కట్టు కట్టే పెద్దాయన వనజ చెయ్యి సర్ది, ఆకుపసరు రాసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. వేళ్ళకు రంగు వచ్చేదాకా చూసి నా వైపు తిరిగాడు. "ఇంగ రొంచేపు ఆలస్యమైంటే నేను ముట్టేవాణ్ణి కాదబ్బా. ఆశ వొదులుకోమనేవాణ్ణి" అన్నాడు. వనజ ఇప్పుడు ఆ చేత్తోనే పలక మీద రాస్తోంది, ముగ్గులు పెడుతోంది, తమ్ముణ్ణి మొడుతోంది.

ఆ తర్వాత ఒక ఆదివారం అదే కల్వర్టు దగ్గరికి పోయి, డబ్బాను అదే చోట పెట్టి మధ్యాహ్నమంతా కూర్చున్నాను. కానుగ కాయలు రెండు పడ్డాయి. టప్పుమన్నాయి. ఒక తొండ ఎక్కి దిగింది. దానికి చప్పుడే లేదు. నేను విన్నది ఇనుము రేకుకు తగిలిన చప్పుడు. ఆ రోజు నా చేతిలోని స్పానరు తప్ప మిగతావన్నీ ఆ డబ్బా లోపలే ఉన్నాయి.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని మాత్రం అనను. కానీ దేవదానం మీద నాకు కోపం ఉంది, చచ్చినవాడి మీద కోపం పెట్టుకోకూడదని ఎవరు చెప్పినా సరే. ఆ పూజ రోజు వాడు నన్ను తిరిగి తిట్టి ఉండకూడదా? రంధ్రం పూడిపోతుంది మూర్ఖుడా అని చెంప పగలగొట్టి ఉండకూడదా? సరేప్పా, ముట్టను అంటాడా! నా కోపానికి విలువిచ్చి నన్ను ఇలా వదిలేసి పోతాడా!

ఇంకొక సంగతి నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. తప్పు ఉన్నది ట్యాంకు మూత దగ్గర. దాని మీదే తట్టి ఉంటే నేను మొదటిసారికే చూసేవాణ్ణి. చప్పుడు అక్కడ రాలేదు. ఆరేడు అడుగుల దూరంలో ఉన్న డబ్బా మీద వచ్చింది. డబ్బా అతనిది. బండి నాది.

ఈ ఏడు ఆయుధపూజకు మూత మీద బొట్టు పెట్టలేదు. అందరూ పోయాక డబ్బాను బండి సీటు మీద పెట్టి, ఎవరు వింటే నాకేమని గట్టిగానే చెప్పాను. "దేవదానం, తప్పు నాదేప్పా. ఇది నీ బండి. ముట్టుకో."

చీకటి పడేదాకా కూర్చున్నాను. డబ్బా పలకలేదు.